కాలం చెల్లిన ముద్రకు సాక్ష్యంలో చోటు తగదు

జులై 1 మన న్యాయవ్యవస్థ గుర్తుంచుకోవాల్సిన తేదీ. 2024లో ఆ రోజున 1872 నాటి సాక్ష్య చట్టం నిష్క్రమించి, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. సెల్‌ఫోన్ సంభాషణ, సీసీ కెమెరా దృశ్యం, వాట్సాప్ సందేశం, కంప్యూటర్‌లో రాసుకున్న లెక్క కోర్టు ముందుకు ఏ పద్ధతిలో రావాలో చెప్పేది ఇప్పుడు ఆ చట్టంలోని 63వ సెక్షన్. అందుకు కావలసిన ధ్రువపత్రం నమూనా షెడ్యూలులో ఉంది. ఒక భాగాన్ని సాక్ష్యం సమర్పించేవారు, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. ఆ రికార్డు హ్యాష్ విలువ ఎంతో, దాన్ని ఏ పద్ధతిలో లెక్కకట్టారో అందులో రాయాలి. పద్ధతుల పేర్లు అక్కడే అచ్చయి ఉన్నాయి: షా-1, షా-256, ఎండీ5, చట్టం ఆమోదించే మరేదైనా.

ఆ ఒక్క వరుస గురించి మాట్లాడుకోవడం అవసరం. మోసాన్ని ఆపే ముద్రగా ఎండీ5 పనికిరాదని రుజువైన 19 ఏళ్లకు, 2023లో, ఆ పేరు కొత్త చట్టంలో అచ్చయింది. ఇది సాంకేతిక నిపుణులకు వదిలేయదగ్గ సూక్ష్మం కాదు. ఒక మనిషి స్వేచ్ఛ, ఒక కుటుంబం ఆస్తి, ఒక బాధితురాలికి దక్కాల్సిన న్యాయం ఆ గడిలో రాసే 32 అక్షరాల మీద ఆధారపడే రోజులివి.

కాగితం మీది దస్తావేజును దిద్దితే సిరా తేడా కనిపిస్తుంది, గీకిన చోట కాగితం పలచబడుతుంది, లక్క పగులుతుంది. ఫైలులో ఒక అంకె మార్చితే అలాంటి జాడ ఏదీ కంటికి ఆనదు. పోలీసులు స్వాధీనం చేసుకున్న రోజున ఫోనులో ఉన్నదే, రెండేళ్ల తర్వాత న్యాయమూర్తి ముందు తెరిచిన రోజునా ఉందని ఎలా నమ్మాలి? ఈ ప్రశ్నకు గణితం ఇచ్చిన జవాబే హ్యాష్. ఎంత పెద్ద ఫైలునైనా ముక్కలు చేసి, ఒక నిర్ణీత పద్ధతిలో పదేపదే కలియదిప్పి, చివరికి ఒకే పొడవున్న చిన్న గుర్తును తేలుస్తుంది. ఎండీ5 అయితే సందేశాన్ని 512 బిట్ల ముక్కలుగా తీసుకుంటుంది, ఒక్కో ముక్కను 64 అంచెల్లో నడిపిస్తుంది, ఆఖరికి 128 బిట్ల విలువను ఇస్తుంది. మూడు గంటల సినిమాకైనా, మూడు మాటల సందేశానికైనా అవే 32 అక్షరాలు. దస్తావేజులో ‘రెండు’ను ‘మూడు’ చేస్తే చాలు, గుర్తు పోలిక లేనంతగా మారిపోతుంది.

ఈ ఆలోచనకు దగ్గరిది ఒకటి తెలుగు పద్యంలోనే ఉంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. తాటాకు మీద గంటంతో రాసే లేఖకుడి చేతిలో ఒక్క అక్షరం జారిపోతే గణం చెడుతుంది, చదివే పండితుడి చెవికి అది వెంటనే తగులుతుంది. పాత ప్రతులను పక్కపక్కన పెట్టుకొని పరిష్కరించినవారికి ఛందస్సు పెద్ద ఆసరా. అయితే ఛందస్సు పట్టుకోగలిగింది పొరపాటును మాత్రమే. ఛందస్సు తెలిసిన మరో కవి కావాలనే ఒక పద్యం అల్లి కావ్యం మధ్యలో చేరిస్తే గణాలు సరిపోతాయి, యతిప్రాసలు కుదురుతాయి. అలా చొరబడినవాటినే ప్రక్షిప్తాలంటున్నాం. వేమన మకుటం తగిలించి ఎవరెవరో చెప్పిన పద్యాలు ఆయన పేరుతోనే చలామణి అయ్యాయి. ఏవి వేమనవో, ఏవి కావో తేల్చడం పరిశోధకులకు నేటికీ కష్టమే. ఏ పద్యానికైనా అతికే మకుటం ఏ పద్యానికీ రుజువు కాలేదు.

కంప్యూటర్లలోనూ ఈ రెండు ప్రమాదాలు వేర్వేరు. డిస్కు పాడై ఒక బిట్ తారుమారు కావడం లేఖకుడి పొరపాటులాంటిది. దాన్ని పట్టుకోవడానికి మామూలు చెక్‌సమ్ సరిపోతుంది. కావాలని మార్చేవాడు ప్రక్షిప్తం రాసిన కవిలాంటివాడు. నియమాలన్నీ తెలిసి, వాటికి సరిపోయేలా మారుస్తాడు. గూఢలిపి శాస్త్రజ్ఞులు హ్యాష్‌లను తయారుచేసింది ఈ రెండోవాడిని ఆపడానికే. ఎండీ5 మొదటి పనిని ఇప్పటికీ చక్కగా చేస్తుంది. రెండో పనిలో ఓడిపోయి చాలాకాలమైంది. ఈ రెంటినీ కలగలిపి చూడటం వల్లనే అది ఇన్నేళ్లుగా చెలామణిలో ఉంది.

ఎండీ5ను తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. తన కాలానికి అది గొప్ప ఆవిష్కరణ. దాన్ని రూపొందించిన రొనాల్డ్ రివెస్ట్ అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు. డిజిటల్ సంతకాలకు పునాది వేసిన ఆర్ఎస్ఏ పద్ధతి సృష్టికర్తలు ముగ్గురిలో ఒకరు. అంతకుముందు తానే చేసిన ఎండీ4లో తొందరపాటు ఉందని భావించి, వేగం కాస్త తగ్గినా భద్రత పెరగాలని 1991లో ఎండీ5 చేశారు. 1992 ఏప్రిల్‌లో దాని వివరాలన్నీ అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఒకే గుర్తు వచ్చే రెండు సందేశాలను వెతకాలంటే 2 మీద 64వ ఘాతమంత శ్రమ పడుతుందని అప్పటి అంచనా. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు చొప్పున గింజలు పెట్టుకుంటూ పోయే కథ మనకు తెలిసిందే. 64 గళ్లూ నిండేసరికి పోగయ్యే గింజలు ఇంచుమించు అన్నే, అంటే సుమారు 1.84 లక్షల కోట్ల కోట్లు. నాటి కంప్యూటర్లకు అది అందని కొండ.

128 బిట్ల గుర్తుకు అంచనా 64వ ఘాతానికే ఎందుకు ఆగింది? ఒక గదిలో 23 మంది ఉంటే వారిలో ఏ ఇద్దరి పుట్టినరోజులైనా కలిసే అవకాశం సగానికి మించుతుంది. ఫలానా వ్యక్తి పుట్టినరోజుతోనే కలిసేవారు కావాలంటే కొన్ని వందల మందిని వెతకాలి. ‘ఏదో ఒక జంట’ దొరకడం ఎప్పుడూ తేలికే. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు మళ్లీ అవసరమవుతుంది.

పగుళ్లు త్వరలోనే కనిపించాయి. 1993లో డెన్ బూర్, బోసెలార్స్ ఎండీ5 లోపలి నిర్మాణంలో బలహీనతను చూపించారు. 1996లో జర్మనీ శాస్త్రవేత్త హాన్స్ డాబర్టిన్ ఆ నిర్మాణాన్ని మరింత లోతుగా ఛేదించి, కొత్త పద్ధతులకు మారడం మంచిదని హెచ్చరించారు. పూర్తి ఎండీ5 ఇంకా కూలలేదు కదా అని లోకం ఆగింది. 2004 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో జరిగిన క్రిప్టో సదస్సులో చైనా శాస్త్రవేత్త షియావొయున్ వాంగ్, ఆమె సహచరులు ఒకే ఎండీ5 గుర్తు ఇచ్చే సందేశాల జంటలను అందరి ముందూ పెట్టారు. ఐబీఎం పెద్ద కంప్యూటర్ మీద అందుకు పట్టిన సమయం ఒక గంట. అలాంటి జంట కోసం ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లను కూడగట్టి అదే ఏడాది మార్చిలో మొదలుపెట్టిన వెతుకులాట ఇక అవసరం లేక ఆగిపోయింది. 2006కల్లా చెక్ శాస్త్రవేత్త వ్లాస్టిమిల్ క్లిమా మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషంలో జంట దొరికే మార్గం చూపారు. అందని కొండ పద్నాలుగేళ్లలో ఇంటి గడపంత ఎత్తుకు దిగింది.

అర్థంలేని బిట్ల జంటలతో ఎవరికి నష్టం అన్నవారికి తర్వాతి సంవత్సరాలు జవాబిచ్చాయి. మార్క్ స్టీవెన్స్, అర్జెన్ లెన్‌స్ట్రా, బెన్నె డి వెగర్ 2007లో మరో అడుగు ముందుకు వేశారు. మనకు నచ్చిన రెండు వేర్వేరు పత్రాలను తీసుకుని, చివర కొద్దిపాటి పూరణం చేర్చి, రెంటికీ ఒకే గుర్తు వచ్చేలా చేయవచ్చని నిరూపించారు. 2008 డిసెంబరు చివర బెర్లిన్‌లో ఏడుగురు పరిశోధకులు ఆ ప్రమాదాన్ని లోకం కళ్లకు కట్టారు. వీడియో గేములాడే ప్లేస్టేషన్-3 పెట్టెలు 200 దాకా కలిపి, బ్రౌజర్లన్నీ నమ్మే ధ్రువీకరణ సంస్థగా చెలామణి కాగల నకిలీ ధ్రువపత్రాన్ని తయారుచేశారు. దానితో ఏ బ్యాంకు వెబ్‌సైటు ముసుగైనా వేసుకోవచ్చు. వారు మంచి ఉద్దేశంతో చేశారు, కాలపరిమితి ముందే ముగిసిపోయిన పత్రంగా చేసి ప్రమాదం తప్పించారు. 2012లో బయటపడిన ఫ్లేమ్ అనే గూఢచర్య వైరస్ వెనకున్నవారికి ఆ నిగ్రహం లేదు. ఎండీ5 బలహీనతను వాడుకుని మైక్రోసాఫ్ట్ సంతకంలా కనిపించే నకిలీ సంతకం చేసి, విండోస్ అప్‌డేట్ వేషంలో పశ్చిమాసియాలోని కంప్యూటర్లలోకి దాన్ని చొప్పించారు. తాళం వేసే చేత్తోనే దొంగకు తలుపు తీయించినట్టయింది.

అక్కడితోనూ ఆగలేదు. కార్యాలయాలు, విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ సంస్థల నెట్‌వర్కుల్లోకి ఎవరిని రానివ్వాలో తేల్చే రేడియస్ అనే పద్ధతి 1990ల ఆరంభంలో పుట్టింది. దాని గుండెలో ఎండీ5 ఉంది. 2024 జులైలో పరిశోధకులు ఆ ఎండీ5ను ఆసరాగా చేసుకొని, ‘లోపలికి రావద్దు’ అన్న జవాబును మార్గమధ్యంలో ‘రావచ్చు’గా మార్చి చూపించారు. సరిగ్గా అదే నెలలో మన దేశంలో ఎండీ5 గడి ఉన్న ధ్రువపత్రం వాడుకలోకి వచ్చింది.

ఇక మన చట్టాల మాట. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం మూడో సెక్షన్ హ్యాష్‌కు చక్కటి నిర్వచనం ఇచ్చింది. ఆ విలువ నుంచి అసలు రికార్డును రాబట్టడం గణన రీత్యా అసాధ్యం కావాలి. రెండు ఎలక్ట్రానిక్ రికార్డులకు ఒకే విలువ రావడం కూడా అసాధ్యం కావాలి. ఆ రెండో షరతును ఎండీ5 2004లోనే కోల్పోయింది, షా-1 2017 ఫిబ్రవరిలో కోల్పోయింది. గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు ఒకే షా-1 గుర్తు గల రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను అప్పుడే విడుదల చేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2030 డిసెంబరు 31 నాటికి షా-1 వాడకాన్ని పూర్తిగా మానాలని 2022లోనే గడువు పెట్టింది. మన దేశంలో డిజిటల్ సంతకాలను పర్యవేక్షించే కంట్రోలర్ కార్యాలయం 2012 నుంచే ఆ సంతకాలను షా-256కు మళ్లించింది. అంటే ఒక చట్టం కింద సంతకానికి పనికిరాని ముద్ర మరో చట్టం కింద సాక్ష్యానికి పనికొస్తోంది. మన సొంత నిర్వచనం ప్రకారమే ఎండీ5 హ్యాష్ అనిపించుకోదు. ఈ పొసగనితనాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత చట్టం చేసినవారిదే.

న్యాయం కోసం ఒక మాట ఒప్పుకోవాలి. ఎండీ5 విలువ రాసి ఉన్నంత మాత్రాన పాత కేసుల్లోని సాక్ష్యాలన్నీ చెల్లవని అనడం తప్పు. ఎప్పుడో స్వాధీనం చేసుకున్న ఫైలుకు సరిగ్గా అదే గుర్తు వచ్చే మరో ఫైలును తయారుచేయడం నేటికీ ఎవరి వల్లా కాలేదు. అది ఫలానా వ్యక్తి పుట్టినరోజుతో కలిసేవారిని వెతకడం లాంటిది. ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. ఫైలును సృష్టించే దశలోనే ఉన్న మోసగాడు ఒకే గుర్తు గల జంటను ముందుగా తయారుచేసి, ఒకదాన్ని చూపించి, అవసరం పడినప్పుడు రెండోదాన్ని తీసి ఇదే అసలు అనవచ్చు. ఒప్పంద పత్రాల్లో, లెక్కల ఫైళ్లలో, కంపెనీల మధ్య లావాదేవీల్లో ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. ఇంకో ప్రమాదమూ ఉంది. నిజమైన సాక్ష్యం మీద కూడా అనుమానం రేకెత్తించడానికి ఆ పేరు ఒక్కటే చాలు. 2005లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో అతివేగం కేసులో చిక్కిన వాహనదారుడి తరఫు న్యాయవాది, కెమెరా చిత్రానికి రక్షణగా వాడిన ఎండీ5 నమ్మదగినదేనా అని అడిగారు. నమ్మదగినదని చెప్పే నిపుణుడిని రవాణా అధికారులు తేలేకపోయారు. కేసు కొట్టేశారు. చిత్రం నిజమే కావచ్చు. దాని మీది ముద్ర నిలవలేదు.

ముద్ర ఎంత గట్టిదైనా, దాన్ని దాచే చోటు సరిగా లేకపోతే అదీ వృథా. ఫైలునూ, దాని హ్యాష్‌నూ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెడితే ఫైలు మార్చేవాడు హ్యాష్‌నూ మార్చేస్తాడు. అందుకే నెట్‌వర్కులో వెళ్లే సందేశాలకు, పంపేవారికీ అందుకునేవారికీ మాత్రమే తెలిసిన రహస్య తాళాన్ని కలిపి గుర్తు కట్టే హెచ్‌మ్యాక్ పద్ధతిని బెల్లారే, కనెట్టి, క్రావ్‌చిక్ 1996లో ప్రతిపాదించారు. దర్యాప్తులో ఆ రహస్య తాళం చేసే పనిని పంచనామా చేయాలి. స్వాధీనం చేసుకున్న చోటనే, పంచాల ఎదుట హ్యాష్ లెక్కకట్టి కాగితం మీద రాసి, అందరి సంతకాలూ తీసుకుని, ఒక ప్రతిని సొంతదారుకు ఇచ్చినప్పుడే ఆ 32 లేదా 64 అక్షరాలకు విలువ. పోలీస్ స్టేషన్‌లో ఎన్నో రోజులు ఉన్న తర్వాత లెక్కకట్టిన హ్యాష్, ఆ రోజు నుంచి ఏమీ మారలేదని మాత్రమే చెబుతుంది. అంతకు ముందు సంగతి చెప్పలేదు. సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ఇప్పుడు ఆదేశిస్తోంది. జిల్లా జిల్లాలో డిజిటల్ సాక్ష్యం గుట్టలుగా పెరుగుతున్న ఈ దశలోనే పద్ధతి సరిగా పాదుకోవాలి. ఒకసారి పాతుకుపోయిన అలవాటును మార్చడం ఎంత కష్టమో ఎండీ5 చరిత్రే చెబుతోంది.

ఎందుకు కష్టం? ఎండీ5 వేగంగా నడుస్తుంది, ప్రతి కంప్యూటర్‌లోనూ దొరుకుతుంది, చేత్తో రాయడానికి 32 అక్షరాలే. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా అన్న ధీమా తోడవుతుంది. ఎండీ5, షా-1 రెండూ కలిపి రాస్తే సరిపోతుందన్న వాదన కూడా ఉంది. అలా కలిపినంత మాత్రాన బలం అనుకున్నంతగా పెరగదని ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆంత్వాన్ జూ 2004 నాటి క్రిప్టో సదస్సులోనే చూపించారు. ఏటి మీది పాతకాలపు రాతి వంతెన కూలే ముందు నెర్రెలిస్తుంది, నడిచేవారికి కనిపిస్తుంది. పాత హ్యాష్ అలా కాదు. అది చివరి రోజు వరకూ అవే 32 అక్షరాలను అంతే నిబ్బరంగా ఇస్తూనే ఉంటుంది. కాబట్టి దాన్ని ఎప్పుడు మానాలో మనుషులే ముందుగా నిర్ణయించుకోవాలి. షా-256 కూడా శాశ్వతం కాదు. నేడు దానికి పగుళ్లు లేవు, రేపు రావచ్చు. అందుకే సమర్థ వ్యవస్థ ఏ పద్ధతినీ చట్టం గుండెలో శిలాక్షరంగా చెక్కదు. ప్రమాణాన్ని నిపుణుల సంఘం కొన్నేళ్లకోసారి సమీక్షించి ప్రకటించేలా చూసుకుంటుంది.

కేంద్రం ఆ షెడ్యూలును సవరించి ఎండీ5, షా-1 పేర్లను తొలగించాలి. కాలానుగుణంగా ప్రకటించే ప్రమాణానికి అక్కడ చోటివ్వాలి. చట్ట సవరణకు సమయం పడుతుంది, కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసు శాఖలు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలు అప్పటిదాకా ఆగాల్సిన పని లేదు. దర్యాప్తులో షా-256 తప్పనిసరి అని ఒక అంతర్గత ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. పాత కేసుల్లో ఎండీ5 విలువతో భద్రపరచిన అసలు ప్రతులను ఇప్పుడే తెరిచి, పాత విలువ సరిపోయిందని సాక్షుల ఎదుట నిర్ధారించుకుని, షా-256 విలువను కూడా జతచేసి పెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో తేల్చిచెప్పింది. ఆ పత్రంలో ఏ గడి నింపారో అడిగే అలవాటు న్యాయవాదులకు, న్యాయమూర్తులకు రావాలి. హైదరాబాద్‌లోనూ, విదేశాల్లోనూ లక్షలాది తెలుగు ఇంజినీర్లు నిత్యం ప్రోగ్రాములు రాస్తున్నారు. తమ చేతిలోని ప్రోగ్రాముల్లో భద్రత కోసం ఎండీ5 ఎక్కడ మిగిలి ఉందో వెతికి తీసేయడం వారి వృత్తిధర్మం. ఫోనో, కంప్యూటరో స్వాధీనమైన ప్రతి పౌరుడూ హ్యాష్ విలువ రాసిన పంచనామా ప్రతిని అడిగి తీసుకోవాలి.

ఇందుకోసం కొత్త యంత్రం కొననక్కర్లేదు, కొత్త ప్రయోగశాల కట్టనక్కర్లేదు. షా-256 లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ధ్రువపత్రంలో దాని గడి ఎండీ5 పక్కనే ఉంది. రేపు స్వాధీనం చేసుకోబోయే మొదటి ఫోను నుంచే దర్యాప్తు అధికారులు ఆ గడిని నింపాలి.